సగటుకు అందని బస్తర్

దేశానికంతా ఒకే మార్కు వేసే ప్రజాస్వామ్య సూచీలు. ఊరికో తీరుగా ఉన్న స్వేచ్ఛ

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ప్రపంచ దేశాల ప్రజాస్వామ్యానికి మార్కులు వెలువడతాయి. వాషింగ్టన్‌లోని ఫ్రీడమ్ హౌస్, లండన్‌లోని ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే వి-డెమ్ సంస్థ ఏ దేశంలో ఎంత స్వేచ్ఛ ఉన్నదీ లెక్కగట్టి పట్టికలు విడుదల చేస్తాయి. భారతదేశం స్థానం దిగజారితే ప్రతిపక్షాలు దాన్ని అస్త్రంగా అందుకుంటాయి. ప్రభుత్వం పట్టికనే తప్పుబడుతుంది. నాలుగు రోజులు వాదోపవాదాలు సాగి, ఆ తరువాత సద్దుమణుగుతాయి. అయితే పోట్లాడుకునే ఈ పక్షాలన్నీ ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తున్నాయి. 140 కోట్ల జనం ఉన్న దేశానికి ఒకే మార్కు వేయవచ్చునన్నదే ఆ ఏకాభిప్రాయం. ఆ మార్కు ఎంత అన్న దగ్గరే తగాదా అంతా.

ఈ ఏకాభిప్రాయాన్ని ప్రశ్నార్థకం చేసే ప్రాంతం తెలుగు రాష్ట్రాల సరిహద్దులోనే ఉంది. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన విస్తరించిన బస్తర్ 1998 వరకూ ఒకే జిల్లా. వైశాల్యంలో అది కేరళ రాష్ట్రం కంటె పెద్దది. అంచెలంచెలుగా విడిపోయి ఇప్పుడది బస్తర్, దంతెవాడ, కాంకేర్, బిజాపూర్, నారాయణపూర్, సుక్మా, కొండగావ్ అనే 7 జిల్లాల డివిజన్ అయింది. 12 శాసనసభ స్థానాలున్న ఈ డివిజన్‌లో జగ్దల్‌పూర్ మినహా తక్కిన 11 స్థానాలూ షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినవే. అక్కడి ఓటరుకూ హైదరాబాదు ఓటరుకూ రాజ్యాంగం ఒక్కటే, ఎన్నికల సంఘం ఒక్కటే, ఓటింగ్ యంత్రమూ ఒక్కటే. కానీ ఆ రాజ్యాంగం ఇచ్చిన స్వేచ్ఛ ఇద్దరికీ ఒకే పాళ్లలో చేరుతున్నదా అన్నది ఏ ప్రపంచ పట్టికా చెప్పలేకపోతున్నది.

కొలత ఎలా జరుగుతుంది?

స్వేచ్ఛను కొలిచే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1941లో ఏర్పడిన ఫ్రీడమ్ హౌస్ 1973 నుంచి దేశాలవారీ వార్షిక సర్వే వెలువరిస్తోంది. రాజకీయ హక్కులపై 10, పౌర స్వేచ్ఛలపై 15 ప్రశ్నలు వేసి, ఒక్కొక్క దానికి 0 నుంచి 4 వరకు మార్కులు ఇస్తుంది. మొత్తం 100 మార్కులు. ఆ లెక్కను బట్టి దేశాలను స్వేచ్ఛాయుతం, పాక్షిక స్వేచ్ఛాయుతం, స్వేచ్ఛారహితం అని 3 తరగతులుగా విభజిస్తుంది. ఎమర్జెన్సీ కాలంలో పాక్షిక తరగతికి దిగిన భారతదేశం, 1997 తరువాత మళ్లీ తొలిసారిగా 2021 నివేదికలో 67 మార్కులతో అదే తరగతికి చేరింది. 2025 నివేదికలో ఆ మార్కులు 63కు తగ్గాయి.

ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ సూచీ 2006లో మొదలైంది. 60 ప్రశ్నలను ఎన్నికల ప్రక్రియ, ప్రభుత్వ పనితీరు, రాజకీయ భాగస్వామ్యం, రాజకీయ సంస్కృతి, పౌర స్వేచ్ఛలు అనే 5 పద్దుల కింద విభజించి 10 మార్కులకు లెక్క తేలుస్తుంది. 2014లో 7.92 మార్కులతో 27వ స్థానంలో ఉన్న భారత్, 2020లో 6.61 మార్కులతో 53వ స్థానానికి జారింది. 2024లో 7.29 మార్కులతో 41వ స్థానానికి కోలుకుంది. ఈ సంస్థ లెక్కలో మనది లోపభూయిష్ట ప్రజాస్వామ్యం. వందలాది అంశాలపై వేలాది నిపుణుల అభిప్రాయాలను క్రోడీకరించే వి-డెమ్ తీర్పు ఇంకా కఠినమైనది. 2021 నివేదికలో ఆ సంస్థ భారతదేశాన్ని ఎన్నికలు జరిగే నిరంకుశ వ్యవస్థల జాబితాలో చేర్చింది. ఒకే దేశాన్ని ఒకే కాలంలో పరిశీలించిన ముగ్గురు మూడు పేర్లు పెట్టారన్నమాట.

ఢిల్లీ అభ్యంతరం, అప్పుల లెక్క

ఫ్రీడమ్ హౌస్ నివేదిక తప్పుదోవ పట్టించేదిగా ఉందని కేంద్ర ప్రభుత్వం 2021 మార్చిలో అధికారికంగా ఖండించింది. 2022 నవంబరులో ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలికి చెందిన సంజీవ్ సన్యాల్, ఆకాంక్ష అరోరా ఈ మూడు సూచీలనూ విమర్శిస్తూ ఒక పత్రం వెలువరించారు. పేర్లు తెలియని కొద్దిమంది నిపుణుల అభిప్రాయాలే ఈ మార్కులకు ఆధారమనీ, ప్రశ్నలు అన్ని దేశాలకూ ఒకే అర్థాన్నివ్వవనీ, ఎమర్జెన్సీ నాటి స్థాయికి ఇప్పటి భారతాన్ని దించడం హాస్యాస్పదమనీ వారి వాదన సారాంశం. స్వదేశీ మేధాసంస్థలు కూడా ప్రపంచ దేశాలకు ఇటువంటి సూచీలు తయారు చేయాలని వారు సూచించారు.

ఈ వివాదం ప్రతిష్ఠతో ఆగిపోయేది కాదు. ప్రపంచ బ్యాంకు వెలువరించే పాలనా సూచికల్లో ప్రజల గొంతుక, జవాబుదారీతనం అన్నది ఒక విభాగం. ఫ్రీడమ్ హౌస్, ఎకనామిస్ట్ యూనిట్, వి-డెమ్ మార్కులు ఆ విభాగంలోకి ముడిసరుకుగా వెళతాయి. దేశాల రుణ యోగ్యతను నిర్ణయించే రేటింగ్ సంస్థలు ఆ పాలనా సూచికలను లెక్కలోకి తీసుకుంటాయి. రేటింగ్ తగ్గితే దేశం చెల్లించే వడ్డీ పెరుగుతుంది. స్వేచ్ఛకు వేసిన మార్కు చిట్టచివరకు అప్పుల పద్దులో తేలుతుందన్నమాట. ఆర్థిక సలహా మండలి ఈ విషయంలో ఇంత పట్టుదల చూపడానికి కారణం ఇదే.

మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. కుండ అడుగున మంట సమంగా తగులుతున్నప్పుడే ఆ మాట నిజం. ఒకవైపు మాడిపోయి, మరోవైపు బియ్యం పలుకుగానే ఉన్న కుండలో ఏ మెతుకును పట్టుకోవాలి? రెండు వైపులా చెరొక మెతుకు తీసి, అన్నం సగం ఉడికిందని తేల్చేస్తే తినేవారికి ఒరిగేదేమీ ఉండదు. దేశాల సూచీలు చేస్తున్న పని అదే.

పోలింగ్ శాతాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. బస్తర్ లోక్‌సభ నియోజకవర్గంలో 2009లో సుమారు 47 శాతం పోలింగ్ జరిగింది. 2014లో అది 59 శాతానికి, 2019లో 66 శాతానికి, 2024లో 68 శాతానికి పెరిగింది. ప్రజాస్వామ్యం క్రమంగా వేళ్లూనుకుంటోందనడానికి ఇంతకంటె మంచి రుజువు ఉండదనిపిస్తుంది. అది చాలామేరకు నిజం కూడా. కానీ 2023 శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రమంతటా 76 శాతానికి పైగా పోలింగ్ నమోదైతే, బిజాపూర్‌లో సగం మంది ఓటర్లు కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. ఆ సగం లోపు అంకె కూడా సగటే. పట్టణ కేంద్రాల్లో బారులు తీరిన ఓటర్లూ, ఒక్క ఓటు కూడా పడని అడవి కేంద్రాలూ అందులోనే కలిసిపోయాయి.

ఎకనామిస్ట్ యూనిట్ ప్రశ్నావళిలో జాతీయ ఎన్నికల పోలింగ్ 70 శాతం దాటితే ఒక మార్కు, 50 నుంచి 70 మధ్య ఉంటే అర మార్కు, 50కి దిగువన సున్న. ఓటు వేయడం చట్టరీత్యా తప్పనిసరి చేసిన దేశాలకు కూడా సున్నే. బలవంతాన వేయించిన ఓటు స్వేచ్ఛకు గుర్తు కాదన్నది అందులోని తర్కం. ప్రభుత్వం నుంచి గాని ఇతర శక్తుల నుంచి గాని ప్రాణభయం లేకుండా ఓటు వేయగలరా అని కూడా ఆ ప్రశ్నావళి విడిగా అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. కానీ దేశమంతటికీ కలిపి ఒకే సమాధానం రాయమంటుంది. విజయవాడ ఓటరు, బిజాపూర్ ఓటరు ఒకే గడిలో ఎలా ఇముడుతారు?

వేలిపై చుక్క

దేశంలో ఎక్కడైనా ఓటరు గర్వంగా చూపించుకునే సిరా గుర్తు దక్షిణ బస్తర్ పల్లెల్లో ఏళ్ల తరబడి భయానికి కారణమైంది. ఎన్నికల బహిష్కరణకు పిలుపునిచ్చే మావోయిస్టులకు అది సాక్ష్యంగా దొరుకుతుందన్న భయంతో, ఓటు వేస్తాం గాని సిరా వద్దని గ్రామస్థులు అధికారులను వేడుకున్న ఉదంతాలు పలు ఎన్నికల్లో వెలుగుచూశాయి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనలు సిరా గుర్తును తప్పనిసరి చేశాయి. ఒక ఓటరు రెండుసార్లు ఓటు వేయకుండా కాపాడే గుర్తు, మరొక ఓటరును అసలు ఓటే వేయకుండా ఆపింది.

పోలింగ్ కేంద్రం ఎంత దూరమన్నది మరో సమస్య. భద్రతా కారణాల పేరిట ప్రతి ఎన్నికలోనూ ఇక్కడ అనేక కేంద్రాలను రోడ్డు పక్క గ్రామాలకు, సాయుధ బలగాల శిబిరాల చెంతకు తరలించడం రివాజు. 2023 నవంబరు 7న తొలి దశ పోలింగ్ జరిగిన 20 స్థానాల్లో 10 చోట్ల ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకే ఓటింగుకు అనుమతించారు. వాగులు దాటి, కొండలెక్కి నడిచి వచ్చే ఓటరుకు ఆ 8 గంటలు ఏపాటివి? ఈ నేపథ్యంలో 2024 ఏప్రిల్ 19న బస్తర్‌లోని 56 గ్రామాల ఓటర్లు లోక్‌సభ ఎన్నికల్లో తొలిసారిగా సొంత ఊళ్లోనే ఓటు వేశారన్న ఎన్నికల సంఘం ప్రకటన సంతోషించదగినది. అయితే 1952లో ముచాకీ కోసా అనే స్వతంత్ర అభ్యర్థిని లోక్‌సభకు పంపిన ఈ గడ్డపై ఆ పని జరగడానికి 72 ఏళ్లు పట్టిందన్న సంగతి కూడా ఆ ప్రకటనలోనే దాగి ఉంది.

వేసిన ఓటు ఏం చెబుతోంది?

సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పుతో, అభ్యర్థులెవరూ సమ్మతం కాదని తెలిపే నోటా మీట ఓటింగ్ యంత్రంపైకి వచ్చింది. 2014 లోక్‌సభ ఎన్నికల్లో బస్తర్‌లో 38 వేలకు పైగా, 2019లో 41 వేలకు పైగా ఓట్లు దానికి పడ్డాయి. దేశంలోనే అధికంగా నోటా నమోదైన స్థానాల్లో బస్తర్ ఒకటి. అది వ్యవస్థపై నిరసనా, యంత్రం కొత్త కావడం వల్ల జరిగిన పొరపాటా, బహిష్కరణ పిలుపునకూ పోలింగ్ సిబ్బందికీ నడుమ చిక్కిన ఓటరు వెతుక్కున్న మధ్యేమార్గమా? ఒక్కొక్కరు ఒక్కో భాష్యం చెప్పారు. అంకె మాత్రం ఒక్కటే. గోండి, హల్బీ, దోర్లీ మాట్లాడే ఓటరును ఆయన భాషలో అడిగి తెలుసుకోకుండా ఆ అంకెకు అర్థం చెప్పడం సాధ్యం కాదు.

ఓటరు ముందు నిజమైన ఎంపిక ఉన్నదా అన్నది అన్ని సూచీలూ అడిగే మరో ప్రశ్న. 2014 సెప్టెంబరులో కాంకేర్ జిల్లా అంతాగఢ్ శాసనసభ ఉప ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి చివరి క్షణంలో పోటీ నుంచి తప్పుకున్నారు. స్వతంత్రులు కూడా వరుసగా వైదొలగడంతో అధికార పక్ష అభ్యర్థికి ఎదురుగా ఒకే ఒక్క చిన్న పార్టీ అభ్యర్థి మిగిలారు. బేరసారాలు జరిగాయంటూ 2015 చివర్లో ధ్వని ముద్రణలు బయటికి రావడంతో పెద్ద దుమారమే రేగింది. పోలింగు జరిగింది, ఓట్లు లెక్కించారు, విజేతను ప్రకటించారు. నిబంధనల ప్రకారం ఎన్నిక సక్రమమే. ఓటరుకు దక్కిన ఎంపిక ఎంత అన్నది వేరే ప్రశ్న.

రెండు తుపాకుల నడుమ

బస్తర్‌లో ప్రజాస్వామ్యానికీ హింసకూ మధ్య సంఘర్షణ మావోయిస్టులతో మొదలైంది కాదు. ఓరుగల్లు కాకతీయుల వారసులుగా చెప్పుకునే బస్తర్ రాజవంశీయుడు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ 1957లో శాసనసభకు ఎన్నికయ్యారు. 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ రాజప్రాసాదంలో జరిగిన పోలీసు కాల్పుల్లో ఆయనా, పలువురు ఆదివాసులూ మరణించారు. దేశాల పాలనా వ్యవస్థలకు మైనస్ 10 నుంచి ప్లస్ 10 వరకు మార్కులు వేసే పాలిటీ పట్టికలో ఆ ఏడాది భారతదేశం ఉన్నత శ్రేణిలోనే ఉంది. జగ్దల్‌పూర్ కాల్పుల చప్పుడు ఆ పట్టిక దాకా వినిపించలేదు.

1980లో గోదావరి దాటి దండకారణ్యంలో అడుగుపెట్టిన పీపుల్స్‌వార్ దళాలు కాలక్రమంలో అక్కడ సమాంతర అధికారాన్ని నెలకొల్పాయి. దానికి విరుగుడుగా 2005 జూన్‌లో సల్వాజుడుం తలెత్తింది. గ్రామాలకు గ్రామాలు ఖాళీ అయి, జనం శిబిరాలకో, అడవికో, సరిహద్దు దాటో వెళ్లవలసి వచ్చింది. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వినియోగించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నందినీ సుందర్ తదితరులు వేసిన ఆ వ్యాజ్యంలో తీర్పునిచ్చిన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌లలో మొదటివారు తెలుగువారు. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వం సహాయక సాయుధ బలగం పేరిట కొత్త చట్టం తెచ్చింది.

స్వేచ్ఛకు వాటిల్లిన నష్టం ఒకవైపు నుంచే కాదన్నది నిర్వివాదాంశం. 2013 మే 25న ఝీరం లోయలో మావోయిస్టులు కాంగ్రెస్ యాత్రపై దాడి చేసి మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ సహా పలువురు నాయకులను హతమార్చారు. 2019 ఏప్రిల్ 9న, పోలింగుకు రెండు రోజుల ముందు, దంతెవాడ శాసనసభ్యుడు భీమా మాండవీని మందుపాతరతో చంపారు. ఇన్‌ఫార్మర్లనే ముద్ర వేసి గ్రామస్థులను చంపిన ఉదంతాలు అనేకం. ప్రచారం చేసుకునే హక్కు, పోటీ చేసే హక్కు, మాట్లాడే హక్కు తుపాకీ ఎవరి చేతిలో ఉన్నా ఒకే విధంగా హరించుకుపోతాయి.

పత్రికా స్వాతంత్ర్యం సంగతీ అంతే. 2013లో సాయిరెడ్డి అనే విలేకరిని బిజాపూర్ జిల్లాలో మావోయిస్టులు చంపారు. అంతకు కొన్నేళ్ల ముందు ఆయననే మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణపై పోలీసులు అరెస్టు చేశారు. 2018 అక్టోబరులో ఎన్నికల వార్తలకు వెళ్లిన దూరదర్శన్ కెమెరామన్ అచ్యుతానంద సాహు దంతెవాడ జిల్లాలో మావోయిస్టుల దాడిలో మరణించారు. 2025 జనవరిలో రోడ్డు పనుల్లో అవకతవకలపై వార్తలిచ్చిన ముకేశ్ చంద్రాకర్ బిజాపూర్‌లో హత్యకు గురయ్యారు. ఆ కేసులో ప్రధాన నిందితుడైన కాంట్రాక్టరును హైదరాబాదులో అరెస్టు చేశారు. వార్త రాసేవారికే రక్షణ లేని చోటు నుంచి, వార్తలను ఆధారం చేసుకునే సూచీకర్తలకు ఏపాటి సమాచారం అందుతుంది?

నిజం తేలడానికి ఏడేళ్లు

కొలతకు ముందు వాస్తవం తేలాలి. 2012 జూన్ 28 రాత్రి బిజాపూర్ జిల్లా సర్కేగూడలో భద్రతా బలగాల కాల్పుల్లో 17 మంది మరణించారు. వారు మావోయిస్టులని అప్పట్లో ప్రకటించారు. మృతులు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని జస్టిస్ వి.కె.అగర్వాల్ విచారణ సంఘం ఇచ్చిన నివేదిక 2019 డిసెంబరులో గాని వెలుగు చూడలేదు. 2012కు వేసిన మార్కులో ఈ ఘటన ఎన్‌కౌంటరుగా నమోదైతే, 2019లో తేలిన నిజాన్ని ఏ సంవత్సరం ఖాతాలో వేయాలి?

2017 ఏప్రిల్‌లో సుక్మా జిల్లా బుర్కపాల్ వద్ద 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను మావోయిస్టులు బలిగొన్నారు. ఆ కేసులో నిందితులుగా చేర్చిన 121 మంది ఆదివాసులను 2022 జులైలో దంతెవాడ న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. అప్పటికి వారిలో అత్యధికులు 5 ఏళ్లు జైలులో గడిపారు. న్యాయవ్యవస్థ స్వతంత్రంగా వ్యవహరించిందని చెప్పడానికి ఈ తీర్పు సాక్ష్యం. విచారణ పూర్తికాకుండానే పౌరులు ఏళ్ల తరబడి నిర్బంధంలో మగ్గారనడానికీ అదే సాక్ష్యం. ఒకే ఉదంతం ఒక ప్రశ్నకు మార్కు తెచ్చిపెట్టి, మరొక ప్రశ్నకు మార్కు కోస్తుంది. రెండూ కలిపితే మిగిలేది సున్న. పోగొట్టుకున్న అయిదేళ్లు ఆ సున్నలో కనిపించవు.

గ్రామసభ చెప్పిన పాఠం

అయినప్పటికీ బస్తర్‌లో ఓటుకు విలువ లేదనుకోవడం పొరపాటు. లోహండిగూడ ఉదంతమే ఇందుకు తార్కాణం. 2005లో కుదిరిన ఒప్పందం మేరకు టాటా ఉక్కు కర్మాగారం కోసం అక్కడి 10 గ్రామాల్లో 1,700కు పైగా కుటుంబాల భూమిని సేకరించారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం నిర్దేశిస్తోంది. గ్రామసభలు సమ్మతించాయని యంత్రాంగం ప్రకటించగా, ఆ సభలు పోలీసు బందోబస్తు మధ్య జరిగాయని గ్రామస్థులు, హక్కుల సంఘాలు ఆరోపించాయి. కర్మాగారం రాలేదు. భూములు తిరిగి ఇస్తామన్నది 2018 ఎన్నికల్లో వాగ్దానమైంది. ప్రభుత్వం మారాక 2019 ఫిబ్రవరిలో భూమి పత్రాలు తిరిగి రైతుల చేతికి వచ్చాయి.

గ్రామసభ కాపాడలేని భూమిని శాసనసభ ఎన్నిక తిరిగి ఇప్పించిందన్నది గమనార్హం. రాష్ట్ర స్థాయిలో పనిచేసిన ప్రజాస్వామ్యం గ్రామ స్థాయిలో పనిచేయలేదు. పీసా చట్టం వచ్చిన 26 ఏళ్లకు, అంటే 2022 ఆగస్టులో గాని ఛత్తీస్‌గఢ్ దాని అమలుకు నిబంధనలు ప్రకటించలేదు. దేశాల సూచీల్లో పార్లమెంటుకు, న్యాయస్థానాలకు, పార్టీలకు ప్రశ్నలున్నాయి. ఆదివాసికి అతి దగ్గరి చట్టసభ అయిన గ్రామసభకు నేరుగా చెప్పుకోదగిన స్థానం లేదు.

గోదావరి ఇవతల

సల్వాజుడుం నాటి కల్లోలంలో ఊళ్లు విడిచి వచ్చిన వేలాది ఆదివాసులు ఖమ్మం, భద్రాచలం, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడ వారిని గుత్తికోయలని పిలుస్తారు. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఓటరు జాబితాలో పేరుండాలంటే ఆ నియోజకవర్గంలో సాధారణ నివాసి అయి ఉండాలన్నది 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం నియమం. అడవి భూమిలో వేసుకున్న గుడిసెను తరచూ ఖాళీ చేయవలసి వచ్చే కుటుంబం సాధారణ నివాసమని దేన్ని చూపించాలి? వదిలివచ్చిన ఊళ్లోనూ, తలదాచుకున్న చోటా లెక్కకు రాని పౌరుడు ఏ సగటులోనూ కనిపించడు.

శాస్త్రవేత్తలకు తెలిసిన లోపం

ఈ లోపాన్ని రాజనీతి శాస్త్రవేత్తలు గుర్తించకపోలేదు. దేశ పటంలో చట్టం పూర్తిగా నడిచే చోట్లను ఒక రంగుతోను, పేరుకే నడిచే చోట్లను మరో రంగుతోను చూపాలని అర్జెంటీనాకు చెందిన గిలెర్మో ఓడొనెల్ 1993లోనే ప్రతిపాదించారు. ప్రజాస్వామ్య దేశాల లోపల ప్రాంతీయ నిరంకుశత్వం ఎలా నిలదొక్కుకుంటుందో వివరిస్తూ ఎడ్వర్డ్ గిబ్సన్ 2012లో ఒక గ్రంథమే వెలువరించారు. పౌర స్వేచ్ఛలు దేశంలో అన్ని ప్రాంతాల్లో ఒకే తీరుగా ఉన్నాయా అని వి-డెమ్ తన ప్రశ్నావళిలో అడుగుతుంది. ప్రభుత్వ అధికారం దేశ భూభాగంలో ఎంత శాతం మేర చెల్లుతున్నదని కూడా అడుగుతుంది. కానీ పత్రికల పతాక శీర్షికలకెక్కేది ఆ సమాధానాలు కాదు, చివర తేలే ఒక్క అంకె. ఫ్రీడమ్ హౌస్ కాశ్మీరుకు విడిగా మార్కులిస్తుంది. అయితే ఆ ప్రత్యేకత వివాదాస్పద భూభాగాలకే పరిమితం. వివాదం లేని భూభాగంలో స్వేచ్ఛ ఎంత పలుచబడినా అది జాతీయ సగటులో కలిసిపోవలసిందే.

విచిత్రమేమిటంటే జిల్లాలను కొలవడం ప్రభుత్వానికి కొత్త కాదు. నీతి ఆయోగ్ 2018 జనవరిలో ప్రారంభించిన ఆకాంక్షిత జిల్లాల పథకంలో బస్తర్ డివిజన్‌లోని 7 జిల్లాలూ ఉన్నాయి. ఆరోగ్యం, విద్య, వ్యవసాయం, ఆర్థిక సేవలు, మౌలిక వసతులపై 49 సూచికలతో ఆ పథకం జిల్లాలకు ర్యాంకులిచ్చింది. కాన్పులు ఆసుపత్రిలో ఎన్ని జరిగాయో, బడిలో మరుగుదొడ్డి ఉన్నదో లేదో లెక్కించింది. ఆ 49లో పౌర స్వేచ్ఛకు సంబంధించినది ఒక్కటీ లేదు. బైలాడిలా గనుల నుంచి కిరండూల్-కొత్తవలస రైలు మార్గంలో విశాఖకు చేరే ఇనుప ఖనిజంలో ఇనుము పాలు ఎంతో పరీక్షించి గాని కొనుగోలుదారు ధర కట్టడు. ఖనిజానికి ఉన్న పరీక్ష ఆ కొండల్లో నివసించే మనిషి హక్కుకు లేదు.

కొలవడం అసాధ్యమేమీ కాదు

విదేశీ నిపుణుల అభిప్రాయాలపై నమ్మకం లేకపోతే, దేశంలోనే అందుబాటులో ఉన్న రికార్డులతో జిల్లాలవారీ లెక్క తేల్చవచ్చు. ఎన్ని పోలింగ్ కేంద్రాలను తరలించారు, ఓటరు ఎన్ని కిలోమీటర్లు నడవవలసి వచ్చింది, ఎన్ని కేంద్రాల్లో ఓట్లు పడలేదు అన్నది ఎన్నికల యంత్రాంగం వద్దే ఉంటుంది. పంచాయతీల్లో ఎన్ని స్థానాలకు నామినేషన్లు రాలేదో, పీసా కింద గ్రామసభ కాదన్న ప్రతిపాదనలు ఎన్ని ఆగాయో, ఎన్ని ముందుకు సాగాయో లెక్కించవచ్చు. విచారణ ఖైదీలు సగటున ఎన్నేళ్లు జైలులో ఉండి నిర్దోషులుగా బయటికి వచ్చారో కోర్టు రికార్డులు చెబుతాయి. కాల్పుల ఘటనలపై విచారణ నివేదిక రావడానికి ఎంతకాలం పట్టిందో, విలేకరులపై ఎన్ని కేసులు పెట్టి ఎన్ని నిరూపించారో, మావోయిస్టులు ఎందరు పౌరులను చంపారో కూడా అందులో చేర్చాలి. వీటిలో ఏ ఒక్కటీ అభిప్రాయం కాదు. అన్నీ లెక్కించదగిన వాస్తవాలే.

ఇటువంటి లెక్కకు ఇదే అదను. మావోయిస్టు ఉద్యమాన్ని తుదముట్టించడానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాళ్ల కేశవరావు 2025 మే 21న నారాయణపూర్ జిల్లా అబూజ్‌మఢ్‌లో భద్రతా బలగాల చేతిలో మరణించారు. అడవిలో వెలసిన కొత్త శిబిరాలతో రోడ్లు, సెల్ టవర్లు, పోలింగ్ కేంద్రాలు వచ్చాయి. అదే సమయంలో, శిబిరాలకు వ్యతిరేకంగా 2021లో సిల్గేర్‌లో మొదలైన ఆందోళనల నేపథ్యంలో ఏర్పడిన మూలవాసీ బచావ్ మంచ్‌ను 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక ప్రజాభద్రత చట్టం కింద ఏడాది పాటు నిషేధించింది. తుపాకీ పట్టిన వారిని ఎన్నికల బాటకు రమ్మనే వ్యవస్థ, తుపాకీ పట్టకుండా ధర్నాకు కూర్చున్న వారికి ఏ బాట చూపుతుందన్నది ఇకముందు తేలవలసిన విషయం.

ఒక తుపాకీ వెనుకంజ వేసినంత మాత్రాన స్వేచ్ఛ దానంతటదే ముందుకు రాదు. వచ్చిందో లేదో తెలియాలంటే ఇప్పుడున్న స్థితిని నమోదు చేసి, అయిదేళ్ల తరువాత మళ్లీ చూడాలి. ఆ పని గోథెన్‌బర్గ్‌లోనో, లండన్‌లోనో జరిగేది కాదు. జగ్దల్‌పూర్‌లో, దంతెవాడలో, కోంటాలో జరగవలసినది. దేశం మార్కు 63 సరైనదా కాదా అన్న చర్చ అవసరమే. అయితే బిజాపూర్ జిల్లాలోని ఒక ఊరికి ఎంత మార్కు వస్తుందో చెప్పగలిగిన రోజున, ఆ చర్చలో విదేశీ పట్టికకు దీటైన సమాధానం ప్రభుత్వం వద్ద ఉంటుంది. అప్పటిదాకా 41వ స్థానమైనా, 53వ స్థానమైనా, సిరా చుక్కకు భయపడిన ఆ ఓటరుకు ఒక్కటే.